సిరామిక్ కోటింగా, పీపీఎఫ్‌ఆ, వ్యాక్సా? ముందు చూడాల్సింది క్లియర్ కోట్ లెక్క

మా స్నేహితుడొకడు పోయిన ఎండాకాలంలో సెకండ్ హ్యాండ్‌లో నల్ల పోర్షే 911 కొన్నాడు, 2014 మోడల్. ఏళ్ల తరబడి డబ్బు కూడబెట్టి కొన్న బండి, దాని మీద ఈగను కూడా వాలనివ్వడు. కొన్న వారంలోనే పెయింట్ సంగతి తేల్చుకుందామని మూడు షాపులు తిరిగితే మూడు మాటలు విన్నాడు. మొదటి షాపులో "బఫింగ్ కొట్టి, అంటే మెషీన్ పాలిష్ పట్టి, సిరామిక్ వేస్తే ఐదేళ్లు చూసుకోనక్కర్లేదు సార్" అన్నారు. రెండో చోట "సిరామిక్ దండగ, బండి మొత్తానికీ పీపీఎఫ్, అంటే పెయింట్ మీద అంటించే రక్షణ ఫిల్మ్, చేయించండి" అన్నారు. మూడో ఆయన పెద్దాయన, పాతికేళ్లుగా పెయింటింగ్ షెడ్డు నడుపుతున్న మనిషి, "ఏమీ వద్దు నాయనా, మంచి వ్యాక్స్ పెట్టుకుని వాడుకో" అన్నాడు. రాత్రి పదింటికి నాకు ఫోన్ చేసి "అరేయ్, ఎవరిని నమ్మాలిరా?" అని అడిగాడు.

ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. చిక్కేమిటంటే ముగ్గురూ వేర్వేరు జబ్బులకు మందు చెప్పారు, అసలు జబ్బేమిటో ఒక్కరూ చూడలేదు. కొత్త కారు కొన్న ప్రతివాళ్లకీ షోరూంలో ఇదే ప్రశ్న ఎదురవుతోంది కాబట్టి, ఆ 911 నే ఉదాహరణగా పెట్టుకుని మొదటి నుంచి చూద్దాం.

రేకు మీద ఏయే పొరలుంటాయి

కారు రేకు మీద కంటికి కనిపించే రంగు ఒక్కటే కాదు, కింద నుంచి పైకి నాలుగు పొరలుంటాయి. తుప్పు పట్టకుండా బాడీ మొత్తాన్ని తొట్టిలో ముంచి కరెంటుతో ఎక్కించే ఈ-కోట్ మొదటిది. దాని మీద ప్రైమర్, ఆ మీద రంగుండే బేస్ కోట్, అన్నిటికీ పైన రంగులేని క్లియర్ కోట్. అన్నీ కలిపి ఫ్యాక్టరీ పెయింట్ మందం మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే లక్షలు పోసి కొన్న కారు మీద ఉన్న పెయింట్ మొత్తం రెండు వెంట్రుకలు పక్కపక్కన పెట్టినంత. అందులో క్లియర్ కోట్ వాటా 35 నుంచి 50 మైక్రాన్లు, ఒక వెంట్రుక కంటే తక్కువే.

కారు మెరుపంతా ఈ పొరదే. ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపి కింద రంగు వెలిసిపోకుండా చూసే రసాయనాలు కూడా ఇందులోనే ఉంటాయి. 1980లలో ఈ రెండంచెల పద్ధతి బాగా వాడుకలోకి రాకముందు రంగూ మెరుపూ ఒకే పొరలో ఉండేవి. పాత అంబాసిడర్‌కి పాలిష్ పెట్టి రుద్దితే గుడ్డకు రంగు అంటుకునేది, గుర్తుందా? అది ఆ ఒక్క పొరే అరుగుతూ రావడం. ఇప్పటి కార్లలో రుద్దితే గుడ్డకు రంగు అంటదు. క్లియర్ కోట్‌కి రంగు లేదు కాబట్టి అరుగుతున్నది మనకు కనిపించదు, అసలు ప్రమాదం అక్కడే.

స్విర్ల్ గీతలు గుండ్రంగా ఎందుకు కనిపిస్తాయి

ఆ నల్ల 911 నీడలో ఉన్నప్పుడు అద్దంలా ఉంది. రాత్రి కోకాపేట అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో ఫోన్ టార్చ్ వేసి బానెట్ మీద పెట్టి చూస్తే మాత్రం వెలుగు చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు, టార్చ్ ఎటు జరిపితే గూడు అటు జరుగుతోంది. వీటినే స్విర్ల్స్ అంటారు. నిజానికి ఆ గీతలు గుండ్రంగా ఉండవు, అన్ని దిక్కులకీ పోతుంటాయి. వెలుగుకు అడ్డంగా ఉన్న గీతలు మాత్రమే కాంతిని మన కంటి వైపు తిప్పుతాయి కాబట్టి, వెలుగు చుట్టూ అలాంటివన్నీ కలిసి వలయంలా కనిపిస్తాయి. టార్చ్ జరిగితే వేరే గీతలు వెలుగుతాయి, అంతే. తెల్ల కారు మీద కూడా ఇవన్నీ ఉంటాయి, నలుపు మీద దాగవు.

మరి ఎక్కడి నుంచి వస్తాయి? చాలావరకు మనం తుడిచే గుడ్డ నుంచే. హైదరాబాద్ కూర్చున్నదే గ్రానైట్ బండల మీద. కోకాపేట, నార్సింగి వైపు ఎక్కడ చూసినా బండ కొట్టి పునాదులు తీస్తున్నారు, ఆ దుమ్ము రాత్రికి రాత్రి కార్ల మీద పరుచుకుంటుంది. గ్రానైట్‌లో ఉండే క్వార్ట్జ్ గట్టిదనం మోస్ కొలమానంలో 7, మామూలు గాజు 5.5 దగ్గర. అంటే గాజును గీయగల రేణువులు ఆ దుమ్ములో ఉన్నాయి. పొద్దున్నే అపార్ట్‌మెంట్‌లో కార్లు తుడిచే అన్న ఒకటే బకెట్, ఒకటే గుడ్డతో వరసగా పది కార్లు తుడుస్తాడు. నాలుగో కారుకే నీళ్లు టీ రంగులోకి వస్తాయి, గుడ్డ పిండితే వేళ్ల మధ్య ఇసుక గరగరలాడుతుంది. ఆయన తప్పేం లేదు, పావుగంటకో కారు పూర్తి చేయాలి, అన్ని కార్లకీ నీళ్లు పట్టి కడగమని ఎవరూ చెప్పలేదు. కానీ ఏడాదికి 300 రోజులు అలా తుడిస్తే ఆ కారుకి సన్న ఇసుక కాగితంతో 300 సార్లు మెల్లగా రుద్దిన లెక్కే.

కార్లు శ్రద్ధగా కడిగేవాళ్లు ముందు నురగ చల్లి, దుమ్మును నానబెట్టి, చెయ్యి తగలకుండా నీటి ధారతో దించేది ఇందుకే. షాంపూకి ఒక బకెట్, గుడ్డ జాడించడానికి ఇంకొకటి పెట్టుకునేదీ ఇందుకే. ఎండాకాలం ట్యాంకర్ల మీద బతికే కాలనీలో ఇన్ని నీళ్లెక్కడివి అని అడిగితే అది న్యాయమైన ప్రశ్న. దానికోసం ఒక్క బకెట్‌తో సరిపెట్టే, నీళ్లు పోసి కడగక్కర్లేని రిన్స్‌లెస్ వాష్ ద్రావణాలు వచ్చాయి. అవి దుమ్ము రేణువు చుట్టూ జారుడు పొర కట్టి గీత పడకుండా చూస్తాయని వాటివాళ్లు అంటారు, పలచటి దుమ్ముకు అది పనిచేస్తుందని నేనూ ఒప్పుకుంటాను. వానాకాలం బురద గడ్డకట్టిన కారు మీద మాత్రం నాకు నమ్మకం లేదు.

పాలిష్ అంటే అరగదీయడం

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. పాలిష్ కొడితే పైన ఏదో మెరిసే పూత పడుతుందనుకుంటారు. మెషీన్ పాలిష్ చేసేది దానికి తలకిందులు. గీత అంటే క్లియర్ కోట్‌లో పడిన చిన్న కాలువ. ఆ కాలువ 3 మైక్రాన్ల లోతుంటే, అది పోవాలంటే దాని చుట్టూ ఉన్న నేలంతా 3 మైక్రాన్లు దిగాలి. గీత పూడదు, ఒడ్డు తగ్గుతుంది.

ఒక లెక్క వేద్దాం. క్లియర్ కోట్ 45 మైక్రాన్లతో కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చిందనుకోండి. గట్టి కాంపౌండ్‌తో, అంటే గరుకు పాలిష్ పేస్టుతో, ఒక దఫా చేస్తే మోటుగా 3 మైక్రాన్లు, తర్వాత ఫైన్ పాలిష్‌కి ఇంకో 1 పోయిందనుకుందాం. ప్రతి దీపావళికీ "బఫింగ్" చేయిస్తే ఐదేళ్లలో 20 మైక్రాన్లు మాయం, మిగిలింది 25. ఆ పొరలో ఎండను ఆపే శక్తి కూడా దానితో పాటే తగ్గింది. ఇంకొన్నేళ్లకు రూఫ్ మీద, బానెట్ మీద తెల్లగా పొట్టు లేచినట్టు కనిపిస్తుంది చూడండి, క్లియర్ కోట్ చచ్చిపోవడం అంటే అదే. అక్కడి నుంచి రీపెయింట్ తప్ప వేరే దారి లేదు. అదే మనిషి ఒక్కసారి సరిగ్గా పాలిష్ చేయించి, తుడిచే పద్ధతి మార్చుకుని ఉంటే ఐదేళ్లకు పోయేది 4 మైక్రాన్లే.

ఇంకో రకం ఉంది. వందల రూపాయల్లో "షోరూం షైన్" అని చేసేవాటిలో చాలావాటికి గీతలు తీసే పనే ఉండదు, నూనె లాంటి ఫిల్లర్లు గీతల్లో నిండి కనిపించకుండా చేస్తాయి. నాలుగు వాష్‌లకు అవి కొట్టుకుపోయి గీతలు మళ్లీ వస్తాయి. మోసం అనలేం, ఇంట్లో పెళ్లి ఉంది, రెండు రోజులు బండి బాగుండాలి అనుకునేవాళ్లకి పెయింట్ అరగకుండా పని అయిపోతుంది. గీతలు పోయాయని చెప్పి అమ్మితేనే తప్పు.

మీటర్ చెప్పిన కథ

ఆ ఆదివారం పెయింట్ మందం కొలిచే మీటర్ ఒకటి అరువు తెచ్చాను. ఇందులోనూ ఒక మెలిక ఉంది. చవక మీటర్లు కొన్ని అయస్కాంత పద్ధతిలో ఇనుము మీద మాత్రమే పనిచేస్తాయి. ఈ తరం 911 బాడీలో ఉక్కూ అల్యూమినియం రెండూ కలిసి ఉన్నాయి, 2018 చివర్లో పరిచయం చేసిన తర్వాతి తరంలో అయితే ముందు, వెనక బంపర్ భాగాలు తప్ప పైరేకు అంతా అల్యూమినియమే. కాబట్టి రెండు లోహాల మీదా పనిచేసే మీటర్ కావాలి. ప్లాస్టిక్ బంపర్ మీద ఇవేవీ పనిచేయవు.

చదునుగా ఆనించి నొక్కితే చిన్న బీప్, అంకె వస్తుంది. రూఫ్ మీద 112. కుడి డోర్ 109, 114, 111. బానెట్ మధ్యలో 104, అంచు దగ్గరకొచ్చేసరికి 83. మెషీన్ అంచుల మీద ఎక్కువ కోస్తుంది, పాత ఓనర్ ఎప్పుడో గట్టిగా బఫింగ్ చేయించాడని అక్కడే తెలిసిపోయింది. తర్వాత ఎడమ వెనక ఫెండర్ మీద పెడితే 246. మళ్లీ పెట్టాను, 251. మావాడి ముఖం వాడిపోయింది. ఆ ప్యానెల్‌కి ఎప్పుడో డెంటింగ్ పెయింటింగ్ జరిగింది.

ఈ మీటర్ మొత్తం మందం చెప్తుంది తప్ప అందులో క్లియర్ కోట్ ఎంతో విడిగా చెప్పదు. అందుకు ఖరీదైన అల్ట్రాసోనిక్ మీటర్లున్నాయి. అయినా ఒక ప్యానెల్‌ని ఇంకో ప్యానెల్‌తో పోల్చుకుంటే చాలా సంగతులు బయటపడతాయి. ఏ షాపైనా మీటర్ పెట్టకుండా "త్రీ స్టేజ్ కరెక్షన్" అని మూడు దఫాల పాలిష్ మొదలుపెడుతుంటే వాళ్లకు తెలియకుండానే బానెట్ అంచు పలచబడిపోవచ్చు. మావాడు తిరిగిన మూడు షాపుల్లో ఒక్కరూ మీటర్ బయటికి తీయలేదు.

వ్యాక్స్, సీలెంట్, సిరామిక్: తేడా ఎంత

ఈ మూడూ పైన వేసే పూతలు. మంచి వ్యాక్స్‌లో ఉండే కార్నూబా బ్రెజిల్‌లో పెరిగే ఒక రకం తాటి ఆకుల మీది మైనం. శుద్ధమైన కార్నూబా 80 డిగ్రీలు దాటితే గానీ కరగదు కానీ డబ్బాలో దానితో పాటు మెత్తటి మైనాలు, నూనెలు ఉంటాయి, మన మే నెల ఎండలో అది కొన్ని వారాల ముచ్చటే. సీలెంట్ అంటే కృత్రిమ పాలిమర్ పూత, నెలల మీద ఉంటుంది.

సిరామిక్ కోటింగ్ అనేది సిలికా ఆధారిత ద్రావణం, ఆరాక పెయింట్‌కి గట్టిగా అతుక్కుని గాజు లాంటి పొర కడుతుంది. షాంపూకి పోదు, పాలిష్ కొడితేనే పోతుంది. మందం మాత్రం ఒకటి రెండు మైక్రాన్లు, చాలాసార్లు అంతకన్నా తక్కువ. మంచిది పడితే ఏళ్ల పాటు నీళ్లు ముత్యాల్లా జారిపోతాయి, మురికి తేలిగ్గా వదులుతుంది, తుడిచే పని తగ్గుతుంది, తుడవడం తగ్గితే గీతలూ తగ్గుతాయి. దీని అసలు లాభం నా లెక్కలో ఇదే.

"9హెచ్ గట్టిదనం" అన్న మాటే జనాన్ని తప్పుదారి పట్టిస్తోంది. అది పెన్సిల్ పరీక్షలో వచ్చే అంకె. రకరకాల గట్టిదనాల పెన్సిళ్లను పూత మీద లాగి ఏ పెన్సిల్‌కి గీత పడుతుందో చూస్తారు, 9హెచ్ అంటే అందులో గట్టి పెన్సిల్‌కీ గీత పడలేదని. వజ్రాన్ని 10 గా పెట్టుకున్న మోస్ కొలమానంతో దీనికి సంబంధం లేదు. పెన్సిల్‌లో ఉండేది గ్రాఫైటూ బంకమన్నూ, మన రోడ్డు దుమ్ములో ఉండేది క్వార్ట్జ్. 9హెచ్ కోటింగ్ ఉన్న కారునీ అదే మురికి గుడ్డతో తుడిస్తే అవే గీతలు పడతాయి. ఐదేళ్ల వారంటీ కార్డు ఇస్తే వెనక వైపు తిప్పి చదవాలి, ఏటేటా వాళ్ల దగ్గరే డబ్బులు కట్టి మెయింటెనెన్స్ చేయించాలన్న షరతు చాలావాటిలో ఉంటుంది.

కొత్త కారుకి కోటింగ్ వెంటనే వేయొచ్చా అన్నది ఇంకో తగాదా. "పెయింట్ ఊపిరి పీల్చుకోవాలి, మూడు నెలలు ఆగండి" అనేవాళ్లున్నారు. ఆ మాట రీపెయింట్ చేసిన ప్యానెల్‌కి వర్తిస్తుంది, షెడ్డులో 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టిన పెయింట్‌లోంచి సాల్వెంట్లు పూర్తిగా పోవడానికి వారాలు పడుతుంది. ఫ్యాక్టరీలో ఖాళీ బాడీని 140 డిగ్రీల దగ్గర కాలుస్తారు కాబట్టి కారు మన చేతికి వచ్చేసరికే అది గట్టిపడి ఉంటుంది.

బోరు నీళ్ల మచ్చలు

సిరామిక్ వేయించుకున్నవాళ్లు మన దగ్గర ఎక్కువగా బాధపడేది దీని గురించే. ముత్యాల్లాంటి నీటి చుక్కలు ఫోటోలో చాలా అందంగా ఉంటాయి. ఆ చుక్క ఎండలో అక్కడే ఆరితే నీళ్లు పోయి, అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు తెల్లటి ఉంగరంలా మిగులుతాయి. లీటరుకు 600 మిల్లీగ్రాముల లవణాలున్న బోరు నీళ్లనుకుందాం, కడిగాక కారు మీద అర లీటరు ఆరిపోయిందనుకుందాం, 300 మిల్లీగ్రాముల ఉప్పు కారు మీద చుక్కలు చుక్కలుగా దిగినట్టే. కొత్తల్లో తుడిస్తే పోతుంది. వారం ఎండితే పులుపు గుణమున్న రిమూవర్ కావాలి. ఇంకా ముదిరితే పెయింట్‌లోకి గుంట తిని పాలిష్ దాకా వస్తుంది. అంటే పెయింట్‌ని కాపాడాలని వేసిన కోటింగే, బోరు నీళ్లతో ఎండలో కడిగి తుడవకుండా వదిలేస్తే, మళ్లీ పాలిష్ తెచ్చిపెడుతుంది.

పక్షి రెట్ట సంగతీ ఇలాంటిదే. అందులోని ఆమ్లం ఒక్కటే కారణం కాదు. ఎండకు క్లియర్ కోట్ మెత్తబడి కాస్త వ్యాకోచిస్తుంది, రెట్ట పైన గట్టిపడుతుంది, సాయంత్రం చల్లబడ్డాక పెయింట్ ఆ గడ్డ చుట్టూ బిగుసుకుని దాని అచ్చు పడిపోతుంది. ఒక మైక్రాన్ సిరామిక్ దీన్ని కొన్ని గంటలు ఆలస్యం చేస్తుందేమో, ఆపదు. కొత్త కారు పూజలో బానెట్ మీద గంధం, కుంకుమతో వేసే స్వస్తిక్ కూడా వారాల తరబడి వదిలేస్తే మరక మిగులుతుంది, ఎండిపోయాక పొడి గుడ్డతో గీకితే గీతలు కూడా. పూజ మానక్కర్లేదు, మరుసటి రోజు తడిపి నానబెట్టి తీస్తే చాలు.

పీపీఎఫ్: రాళ్లకు జవాబు

ఇంతవరకు చెప్పిన పూతల్లో ఏదీ ఎగిరొచ్చే గులకరాయిని ఆపలేదు. ఆపేది పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా హెలికాప్టర్ రెక్కలు ఇసుకకు అరిగిపోకుండా అంటించిన పాలీయురేథేన్ టేప్‌లే దీని పూర్వీకులు. ఇప్పటి టీపీయూ (థర్మోప్లాస్టిక్ పాలీయురేథేన్) ఫిల్మ్ మందం 150 నుంచి 200 మైక్రాన్లు, కారు పెయింట్ మొత్తం కంటే ఎక్కువ. అందుకే అది దెబ్బను మింగుకుంటుంది. పై పొర మీద పడిన సన్న గీతలు ఎండకో వేడినీళ్లకో వాటంతటవే మూసుకుపోతాయి. లోతుగా తెగితే మూసుకోదు.

రాయి దెబ్బ వేగాన్ని బట్టి ఎంత మారుతుందో చూడండి. గతిశక్తి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 60 లో తగిలిన రాయి కంటే ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద 120 లో తగిలిన అదే రాయి దెబ్బ నాలుగింతలు. 911 కి ముందు బంపర్‌తో పాటు ఇంకో బలహీనమైన చోటుంది. వెనక ఫెండర్లు వెడల్పుగా బయటికి ఉబ్బి ఉంటాయి కదా, ముందు టైర్లు విసిరే రాళ్లన్నీ సూటిగా అక్కడే తగులుతాయి. పాత 911 టర్బోల మీద ఆ చోట కనిపించే నల్ల స్టిక్కర్ అందం కోసం పెట్టింది కాదు, రాళ్ల కోసం కంపెనీయే పెట్టింది.

అభ్యంతరాలూ గట్టివే. పేరున్న ఫిల్మ్ బండి మొత్తానికీ అంటే లక్షల్లో మాట. మార్కెట్‌లో పీవీసీ ఫిల్మ్‌ని కూడా పీపీఎఫ్ పేరుతోనే అమ్ముతున్నారు, అది త్వరగా పసుపెక్కి పెళుసుబారుతుంది. అతికించేటప్పుడు కారు మీదే బ్లేడ్ పెట్టి కోసేవాళ్లుంటారు, చెయ్యి ఒక్క వెంట్రుకవాసి దిగితే ఆ గీత శాశ్వతం, ముందే కంప్యూటర్‌తో కత్తిరించి తెచ్చే పద్ధతి అందుకే మేలు. అన్నిటికంటే ముఖ్యం, ఏళ్ల తర్వాత ఫిల్మ్ తీసేటప్పుడు ఫ్యాక్టరీ పెయింట్ గట్టిగా నిలబడుతుంది, సరిగ్గా చేయని రీపెయింట్ మాత్రం ఫిల్మ్‌తో పాటు ఊడి రావచ్చు. 246 చూపించిన ఆ ఫెండర్ గుర్తుంది కదా.

ఇంకో వైపు, కార్లు సేకరించేవాళ్లలో ఒక వర్గం ఒరిజినల్ పెయింట్ ఉన్నదే విలువ, నాలుగు గీతలున్నా దాన్ని ముట్టుకోకూడదు అంటుంది. అమెరికాలో పెబుల్ బీచ్ కార్ల పోటీలో రీస్టోర్ చేయని బళ్లకు విడిగా ప్రిజర్వేషన్ విభాగమే ఉంది. వాళ్ల లెక్కలో ఫిల్మ్ మంచిదే, అతిగా పాలిష్ చేయడం నేరం. ఫిల్మ్ కింద దాచుకుంటే పెయింట్‌ని చేత్తో తాకిన సుఖం ఎక్కడుంది అనేవాళ్లూ ఉన్నారు, కార్లంటే ప్రాణం పెట్టే నాకు ఆ మాట బాగానే అర్థమవుతుంది. ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు కూడా తిరగని బండికి ఒళ్లంతా ఫిల్మ్ అవసరమా అన్నదీ సబబైన ప్రశ్నే.

మావాడు చివరికి ముందు బంపర్, బానెట్, ముందు ఫెండర్లు, సైడ్ అద్దాల వెనక భాగం, కుడి వెనక ఫెండర్‌కి టీపీయూ ఫిల్మ్ వేయించాడు. మిగతా బాడీకి ఒక్క దఫా ఫైన్ పాలిష్, దాని మీద సిరామిక్. బానెట్ అంచులకు పాలిష్ వద్దన్నాం, అక్కడి గీతలు ఫిల్మ్ కింద అలాగే ఉండిపోయాయి, జిగురు నిండాక సగానికి పైగా కనిపించడం లేదు. ఎడమ వెనక ఫెండర్‌కి ఫిల్మ్ వేయలేదు. కార్లు తుడిచే అన్నతో మాట్లాడి, నెల డబ్బులు మామూలుగానే ఇస్తూ, ఈ ఒక్క కారు ముట్టుకోవద్దన్నా అని చెప్పాడు. ఎడమ డోర్ మీద ఎవరో తాళంచెవితో గీసిన గీత ఒకటి ఉంది, గోరు పెట్టి లాగితే టక్కుమని తగులుతుంది. గోరుకు తగిలే లోతు పాలిష్‌తో పోయేది కాదు, పోగొట్టాలని చూస్తే ఆ చుట్టూ క్లియర్ కోట్ మిగలదు. దాన్ని అలాగే వదిలేశాడు.